గుసగుసల బడి

దుబాయ్ అల్ కుసైస్‌లో ఒక నాలుగో అంతస్తు ఫ్లాటులో జరిగే ఆ చిన్న బడిలో ఎవరూ గొంతు పెంచేవారు కాదు. టీచరు గుసగుసగా పాఠం చెప్పేవాడు, పిల్లలు గుసగుసగానే అప్పజెప్పేవారు. పక్కగదిలో రాత్రి డ్యూటీ చేసొచ్చిన నర్సు నిద్రపోతూ ఉండేది. తలుపుకు అవతల ఆమె. ఇవతల రెండు పొట్టి బల్లలు, గోడకు ఆనించిన తెల్లబోర్డు, ఒకటో తరగతి ఆడపిల్లలిద్దరు, వాళ్ళ ముందు నేలమీద బాసిపట్టు వేసుకుని కూర్చున్న ప్రభుకిరణ్.

ప్రభుకిరణ్‌ది పాలకొల్లు పక్కన ఒక పల్లె. వాళ్ళ నాన్న ఆదివారం బడి పెట్టి పిల్లలకు బైబిలు వాక్యాలు నేర్పేవాడు. కొడుకు డిగ్రీ చదివి, దుబాయ్ వచ్చి, ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాయింగు కాగితాలు భద్రపరిచే పనిలో కుదిరాడు. కరోనా వచ్చిన ఏడాది ఆ కంపెనీ మూతపడింది. ముదీర్, అంటే మేనేజరు, అందరినీ పిలిచి "ఖలాస్" అన్నాడట, అంతే. అప్పటినుంచి అతని వీసా నర్సుగా చేస్తున్న భార్య కృపారాణి మీదకు మారింది. "మా ఆవిడే నా కఫీల్, నా స్పాన్సరు" అని స్నేహితుల దగ్గర నవ్వేవాడు. మొదట్లో ఆ నవ్వు కాస్త గొంతుకు అడ్డంపడేది, తర్వాత అలవాటైంది.

కూతురు లీదియాకు ఒకటో తరగతి ఈడు వచ్చేసరికి ఇంటిపట్టున ఉన్నది తండ్రే. వాళ్ళు ఆరాధనకు వెళ్ళే చోట కొన్ని కుటుంబాలు పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటున్నాయి. దాన్ని క్లాసికల్ క్రిస్టియన్ చదువు అనేవారు. పుస్తకాలు పార్సిల్లో వచ్చేవి. వారానికో రోజు అందరూ ఒకచోట కలిసేవారు, మిగతా రోజులు ఎవరింట్లో వాళ్ళే. ప్రభుకిరణ్ అందులో చేరాడు. రెండో అంతస్తులో ఉండే భీమవరం నర్సు తన కూతురు తబితానూ పైకి పంపింది. ఆ పిల్ల తండ్రి అబుదాబిలో పని, తల్లికి పగటి డ్యూటీ. అలా ఒక్క పిల్ల ఇద్దరై బడి అయింది.

ఆ చదువులో ఒక పద్ధతి ప్రభుకిరణ్‌కు బాగా నచ్చింది. చిన్న వయసులో పిల్లలకు మాటలు నింపాలి, అర్థం తర్వాత దానంతటదే వస్తుంది అంటారు వాళ్ళు. అందుకని లాటిన్ ముక్కలు, రాజుల వరసలు, ఎక్కాలు, వాక్యాలు అన్నీ పాటలా వల్లెవేయించాలి. తన నాన్న చేసిందీ అదే. ఆరేళ్ళ వయసులో అర్థం తెలియని కంఠత వాక్యాలు తన నోట్లో పోసి కుక్కాడు, అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఇంకొకటి కూడా ఉండేది: పిల్లలకు ఒక కథ చదివి వినిపించి, పుస్తకం మూసేసి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అనాలి. విన్నది విన్నట్టు, తమ మాటల్లో, మధ్యలో ఎవరూ అడ్డురాకుండా చెప్పాలి.

లీదియా ఆ పనిలో గట్టిది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు సగం మూసి, గుసగుసగా మొదలుపెడితే మధ్యలో ఆగేది కాదు. తబితా దాని నోటివంకే చూస్తూ కూర్చునేది.

2022 ఏప్రిల్లో ఒక ఉదయం మంచులో గొర్రెపిల్లను వెతుక్కుంటూ పోయిన ముసలి కాపరి కథ చదివాడు. ఆ కాపరి కొండమీద జబ్బుపడితే ఊరివాళ్ళు మోసుకొస్తారు, గొర్రెపిల్ల వెనకాలే వచ్చేస్తుంది. చిన్న కథ. పుస్తకం మూశాక లీదియా అందుకుంది.

"ఆయన్ని తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. ముక్కు మీద ప్లాస్టిక్ గిన్నె పెట్టారు. ఊపిరి వదిలితే గిన్నెలో మబ్బు పట్టేది. ఆయనకి ఒక కాలికే సాక్సు ఉంది. రెండోది పోయింది. మంచం కింద చూశారు, దుప్పట్లో చూశారు, దొరకలేదు. ఆ కాలు చల్లగా ఉందని చేత్తో పట్టుకుని కూర్చున్నారు."

"ఎవరు పట్టుకున్నారమ్మా?" అన్నాడు ప్రభుకిరణ్.

"రెండు జతల గ్లౌజులు వేసుకున్నావిడ."

పిల్ల ఊహకు తండ్రి ముచ్చటపడ్డాడు. సాయంత్రం కృపారాణి లేచి టీ తాగుతుంటే నవ్వుతూ ఆ కథ చెప్పాడు. సాక్సు దగ్గరకు వచ్చేసరికి ఆమె కప్పు కింద పెట్టేసింది.

"ఎవరు చెప్పారండి దీనికి?"

"ఎవరు చెప్తారు? అదే కల్పించింది."

"ఆ కాలు పట్టుకుంది నేనేనండి. రెండేళ్ళైంది. ఎవ్వరికీ చెప్పలేదు, మీక్కూడా చెప్పలేదు."

అది నిజం. ఆ రోజుల్లో ఆసుపత్రివాళ్ళు నర్సులను ఇంటికి పంపకుండా ఒక హోటల్లో ఉంచారు. నాలుగేళ్ళ లీదియా తల్లిని ఫోన్లో తప్ప చూడలేదు. ఇంటికి తిరిగొచ్చిన కృపారాణి కూడా వార్డు సంగతులేవీ ఇంట్లో ఎత్తలేదు. ఎవరైనా అడిగితే, "ఏముంది, డ్యూటీ" అని ఊరుకునేది. నరసాపురంలో ఉన్న వాళ్ళమ్మకీ అదే జవాబు.

ఆ సాయంత్రం ఆమె మళ్ళీ డ్యూటీకి తయారవుతూ, జడ వేసుకుంటూ కూతుర్ని అద్దంలోంచి చాలాసేపు చూసింది. పిల్లకు ముద్దుపెట్టి వెళ్ళడం అలవాటు. ఆ రోజు తల మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. ప్రభుకిరణ్ అది గమనించాడు.

పాస్టరు జకరయ్య గారికి ఫోన్ చేశాడు. ఆయన నెమ్మదిగా అన్నీ విని, "ఫోన్లో ఏవో వీడియోలు చూసుంటది బ్రదర్. పిల్లని భయపెట్టకండి. దేవుడు పిల్లల నోట చాలా పలికిస్తాడు, శత్రువు కూడా పలికిస్తాడు. కనిపెట్టుకుని ఉండండి" అని ప్రార్థన చేశాడు. మొదటి మాటలు ధైర్యం ఇచ్చాయి. శత్రువు, అంటే సాతాను, ఆ మాట మాత్రం ఫోన్ పెట్టేశాక కూడా చెవిలో ఉండిపోయింది.

తర్వాతి వారం బైబిల్లోని రోమా సైనికాధికారి శతాధిపతి దాసుడి కథ వచ్చింది. దాసుడు జబ్బుతో పడి ఉంటాడు, యజమాని వెళ్ళి ప్రభువును వేడుకుంటాడు. ప్రభుకిరణ్ ఎందుకైనా మంచిదని ముందు తబితా చేత చెప్పించాడు. ఆ పిల్ల పొడిపొడిగా చెప్పి కూర్చుంది. తర్వాత లీదియా.

"దాసుడు మంచం మీద ఉన్నాడు. తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. అప్పుడు దాసుడు అన్నాడు, పుతే, దొర వహపన్. వెస్స ఎనవా."

ఆ ముక్క చెప్పినప్పుడు దాని గొంతు మారింది. గుసగుసే, కానీ లోపల ఎక్కడో గరగరలాడుతూ, ముసలివాడి దగ్గులా ఉంది. ప్రభుకిరణ్ పుస్తకం కింద పెట్టాడు.

"అదేంటమ్మా ఆ మాట?"

"దొర అంటే శతాధిపతి కదా డాడీ. వహపన్ ఆయన పేరు."

"ఎవరు చెప్పారు నీకు?"

"నువ్వే. మెమరీ వర్క్ కదా."

"నేను ఇవ్వలేదు నాన్నా."

లీదియా తండ్రిని జాలిగా చూసింది, పెద్దవాళ్ళు మర్చిపోతుంటారు అన్నట్టు. పక్కనుంచి తబితా కూడా ఆ మాటలే పెదవులతో కదిపింది. అప్పుడు ఇద్దరూ కలిసి, లాటిన్ ముక్కలు ఎలా చెబుతారో అలా, తలలూపుతూ గుసగుసగా వల్లెవేశారు. పుతే, దొర వహపన్, వెస్స ఎనవా. బయట విమానం ఒకటి కిందుగా పోతూ కిటికీ అద్దాలను వణికించింది. అది వెళ్ళిపోయాక కూడా పిల్లలు ఆపలేదు.

"చాలు" అన్నాడు ప్రభుకిరణ్. ఆ ఇంట్లో పగటిపూట గొంతెత్తి పలికిన మొదటి మాట అదే. లోపలి గదిలో మంచం కిర్రుమంది, మళ్ళీ నిశ్శబ్దమైంది.

తబితా బెదిరి ఏడుపు మొహం పెట్టింది. అతను దాన్ని దగ్గరకు తీసుకుని, కొట్టనని చెప్పి, మెల్లగా అడిగాడు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"లోపల క్లాసులో అంకుల్."

"లోపల క్లాసేంటి?"

"లైటు లేని క్లాసు" అంది తబితా.

అంతకు మించి వాళ్ళేమీ చెప్పలేదు. చెప్పకూడదని కాదు, చెప్పడానికి ఇంకేమీ లేనట్టే ఉన్నారు. అతను గదులన్నీ మనసులో తిరిగాడు. ఉన్నది ఒక హాలు, ఒక వంటగది, ఒక పడకగది. లైటు లేనిది పడకగదే. కృపారాణి పగలు నిద్రపోవాలని కిటికీకి నల్ల కర్టెను కట్టి, అంచులకు టేపు కూడా అంటించాడు. బాత్రూము ఆ గదిలోనే ఉండటంతో పిల్లలు చప్పుడు చేయకుండా లోపలికి వెళ్ళి రావడం రోజూ ఉన్నదే.

ఆ రాత్రి అతనికి సరిగా నిద్రపట్టలేదు. మర్నాడు బల్లల మీద ఎక్కాలు పెట్టి, ఎప్పట్లాగే అన్నం పొయ్యిమీద పడేయడానికి వంటింట్లోకి వెళ్ళాడు. బియ్యం కడుగుతూ చెవి హాలువైపే ఉంచాడు. ఎక్కాల గుసగుస కాసేపు వినిపించింది. తర్వాత ఆగింది. పంపు కట్టేశాడు. హాల్లోకి వచ్చి చూస్తే బల్లల దగ్గర ఎవరూ లేరు. పడకగది తలుపు బెత్తెడు తెరిచి ఉంది.

తలుపు తోసి నిలబడ్డాడు. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి కొంచెం సేపు పట్టింది. మంచం కాళ్ళవైపు, నేలమీద, పిల్లలిద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. వెన్ను నిటారుగా, చేతులు ఒళ్ళో, తను నేర్పినట్టే. మంచం మీద కృపారాణి వెల్లకిలా పడుకుని ఉంది. ఆమె కళ్ళు మూసే ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి.

"బెడ్డు కిటికీ పక్కదండి. రాత్రంతా నిద్రపోలేదు. నీళ్ళిస్తే తోసేశాడు" అంది ఆమె తెలుగులో, డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకు చెప్పినట్టు. కాస్త ఆగింది. తర్వాత ఆమె నోట్లోంచి ఆమెది కాని గొంతు వచ్చింది. బొంగురుగా, ఊపిరి చాలక తెగిపోతూ.

"పుతే. దొర వహపన్. వెస్స ఎనవా."

పిల్లలిద్దరూ గుసగుసగా తిరిగి చెప్పారు. మంచం మీది గొంతు మళ్ళీ అంది. పిల్లలు మళ్ళీ చెప్పారు. టీచరు ఒక ముక్క అనడం, పిల్లలు అందుకోవడం, ఆ వరస తప్పకుండా ఎంతసేపు నడిచేదో. ప్రభుకిరణ్ లోపలికి అడుగుపెట్టి ఇద్దర్నీ చెరో చంకన ఎత్తుకుని బయటకు తెచ్చేశాడు. పిల్లలు మాత్రం క్లాసు మధ్యలో లేపినందుకు చిన్నబుచ్చుకున్నారు.

దయ్యం కాదు, శత్రువు కాదు, నిద్రలో పలవరింత. అది తెలిసి అతను కుదుటపడాలి. పడలేదు. ఆ గొంతు చెవిలోంచి పోలేదు. పెళ్ళాన్ని లేపి, నువ్వు నిద్రలో ఎవరో మగమనిషివై మాట్లాడుతున్నావు అని ఏ మొగుడు చెప్పగలడు? కూతురి తలమీద చెయ్యి వేయడానికే ఆమె జంకుతున్న రోజులవి. ఇది కూడా చెబితే ఇక నిద్రే పోదేమో అని భయపడ్డాడు. పడకగది తలుపుకు పైన గొళ్ళెం బిగించాడు. బాత్రూముకు పిల్లల్ని తనే తీసుకెళ్ళి, తనే తెచ్చేవాడు. ఆ మాటలు మళ్ళీ అనకూడదని లీదియాకు గట్టిగా చెప్పాడు. పిల్ల తలూపింది. అయితే ఎక్కాలు చెబుతూ చెబుతూ ఎప్పుడైనా ఆగిపోయి తలుపువైపు చూసేది.

శనివారం కుటుంబాలన్నీ కలిసే రోజు. ఒక పెద్ద విల్లాలో కింది హాలు వాళ్ళకు ఇచ్చేవారు. మే నెల ఎండ, బయట నిలబడితే చెప్పుల్లోంచి వేడి తగిలేది. ఏసీ సరిగా పనిచేయక గాలి ఆడాలని ఎవరో వరండా తలుపు బార్లా తెరిచారు. పిల్లలు ఒక్కొక్కరే ముందుకొచ్చి నేర్చుకున్నది అప్పజెబుతున్నారు. తల్లులు వెనక కుర్చీల్లో, తండ్రుల్లో ప్రభుకిరణ్ ఒక్కడే.

లీదియా వంతు వచ్చింది. లాటిన్ ముక్కలు మొదలుపెట్టి సగంలో మర్చిపోయింది. అది ఎన్నడూ మర్చిపోని పిల్ల. కళ్ళు సగం మూసింది. హాలంతా దానికోసం ఎదురుచూస్తోంది. ప్రభుకిరణ్ కుర్చీలోంచి లేవబోయేలోపే దాని నోట ఆ గొంతు వచ్చేసింది.

"పుతే, దొర వహపన్. వెస్స ఎనవా."

ముందు వరసలో కూర్చున్న ఒక శ్రీలంక పిల్లవాడు, దినుక, లీదియా ఈడువాడే, మారుమాట లేకుండా లేచాడు. నడిచి వెళ్ళి వరండా తలుపు మూసి గడియ పెట్టాడు. తర్వాత కిటికీ దగ్గర మునివేళ్ళ మీద నిలబడి ఆకాశంలోకి చూశాడు. ఆకాశం తెల్లగా కాలిపోతోంది. వాడు అయోమయంగా తల్లివైపు తిరిగాడు.

వాడి తల్లి నిల్మిని మొహంలో రక్తం లేదు. అప్పజెప్పడాలు అయ్యాక ఆమె ప్రభుకిరణ్ దగ్గరకు వచ్చింది. ఇంగ్లీషులోనే మాట్లాడింది.

"మీ పాపకు సింహళం ఎవరు నేర్పారు?"

"అది సింహళమా?"

"చిన్నా, తలుపు వెయ్యి, వాన వస్తోంది. అంతే దాని అర్థం. కానీ అలా ఎవరు అంటారు? మా ఊళ్ళో ముసలాళ్ళు వరండాలో పడుకుని అలా అంటారు. మా నాన్న అచ్చం అదే గొంతుతో అనేవాడు."

ప్రభుకిరణ్‌కు ఇక దాచాలనిపించలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె నమ్మిందో లేదో తెలియలేదు, కానీ మధ్యలో ఒకసారి శిలువ గుర్తు వేసుకుంది. అతను వెళ్ళబోతూ ఆగి, ఒక్క మాట అడిగాడు. తలుపు వేశాను అని మీ భాషలో ఎలా చెప్పాలి అని. ఆమె చెప్పింది. దొర వెహువా. అతను ఒకటో తరగతి పిల్లాడిలా పెదవులు కదుపుతూ ఇంటిదాకా అదే వల్లెవేసుకుంటూ వచ్చాడు.

ఆ రోజు కృపారాణికి డ్యూటీ లేదు. లీదియాను కింద తబితా ఇంట్లో వదిలి, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న భార్య పక్కన నిలబడ్డాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ముందు పిల్లలు వల్లెవేసిన ముక్కే అన్నాడు, అర్థంతో సహా.

ఆమె కత్తి ఆగిపోయింది.

"వానొస్తుందనా ఆయనన్నది?" అంది.

"అదేనంట."

"శ్రీలంక ఆయనని తెలుసండి. పెద్ద పేరు, మాకు నోరు తిరక్క అంకుల్ అనేవాళ్ళం. ఏదో బేకరీలో పనంట. రాత్రంతా అదే మాట. హిందీలో అడిగాను, ఇంగ్లీషులో అడిగాను, వచ్చీరాని మలయాళంలో అడిగాను. అప్పటికి ఆయన వేరే భాషలేవీ లేని చోటికి వెళ్ళిపోయాడు. దాహమనుకుని నీళ్ళిచ్చాను, చలి అనుకుని దుప్పటి కప్పాను. ఫోన్ అడుగుతున్నాడేమోనని ఫోన్ చేతిలో పెట్టాను. అన్నీ తోసేశాడు. ఆ ఫ్లోర్లో వాళ్ళ దేశం వాళ్ళెవ్వరూ లేరు."

ఉల్లిపాయ ముక్కలు చేత్తో ఒక పక్కకు నెట్టింది.

"ఆక్సిజన్ రొద ఎలా ఉంటదో తెలుసా? పెద్ద ఫ్లోలో పెడితే అచ్చం రేకుల మీద వాన కురిసినట్టే ఉంటది. నాక్కూడా అలాగే అనిపించేది. నరసాపురంలో మా ఇంట్లో పడుకున్నట్టు." ఆమె కత్తి పక్కన పెట్టింది. "ఆ గది తలుపు వేసే ఉందండి. ఆ వార్డులో తలుపులు తెరిచి ఉంచనివ్వరు. వేసే ఉంది అని చెప్పడానికి నాకు ఒక్క మాట రాలేదు."

అప్పుడతను మిగతాది చెప్పాడు. నిద్రలో ఆమె పలవరింతలు, చీకటి గదిలో పిల్లలు, అన్నీ. ఆమె ఏడవలేదు. తన పెదవులను వేళ్ళతో తడుముకుంది, అవి వేరేవాళ్ళవేమో చూసుకుంటున్నట్టు.

"ఇంకేం మాట్లాడానండి?"

"తెలీదు. వాళ్ళని తెచ్చేశాక నేను వినలేదు."

"వినండి" అంది కృపారాణి. "నాకు తెలియాలి. పిల్లలు కాదు, మీరు వినండి."

అప్పటినుంచి ఆమె నైట్ డ్యూటీ చేసొచ్చిన రోజుల్లో బడి రెండో అంతస్తులోకి మారింది. తబితా వాళ్ళ అమ్మమ్మ ఊరినుంచి వచ్చి ఉంది కాబట్టి భోజనం వేళకు పిల్లల్ని ఆమెకు అప్పగించి ప్రభుకిరణ్ పైకి వచ్చేవాడు. లీదియాకు లోపలి క్లాసు అయిపోయిందని చెప్పాడు. "పరీక్ష ఉండదా?" అని అడిగింది ఆ పిల్ల. ఉండదన్నాడు. దానికి కొంచెం నిరాశ కలిగినట్టే ఉంది, కానీ కింది ఇంట్లో గట్టిగా అరుస్తూ ఎక్కాలు చెప్పొచ్చని తెలిశాక వారం తిరిగేలోపు మర్చిపోయింది. ఆ ఇద్దరి గొంతులు అంత పెద్దవని అతనికి అప్పుడే తెలిసింది.

అతను చీకటి గదిలో, మంచం కాళ్ళవైపు, పిల్లలు కూర్చున్న చోటే కూర్చునేవాడు. మొదటిరోజు ఏమీ వినపడలేదు. మర్నాడు ఆ ముసలి గొంతు వచ్చింది. పుతే, దొర వహపన్.

"దొర వెహువా" అన్నాడు ప్రభుకిరణ్ గుసగుసగా.

మంచం మీద ఊపిరి ఒక్కసారి ఆగింది. అతను కూడా ఊపిరి బిగబట్టాడు. తర్వాత ఆమె నోరు ఒక దీర్ఘమైన నిట్టూర్పు విడిచింది, ఎవరో బరువు దించుకున్నట్టు. ఆమె పక్కకు ఒత్తిగిలి మోకాళ్ళు ముడుచుకుంది. ఆ ముసలాయన మళ్ళీ రాలేదు.

ఇంకొకరు వచ్చారు. కొన్నాళ్ళకు మరొకరు. ఒక్కో గొంతు ఒక్కో రకం. అతను ఒక్కో ముక్కనూ తిరిగి అనుకుంటూ నోటికి పట్టించుకునేవాడు. సాయంత్రం ఆమెకు చెప్పేవాడు. ఆమె ఏ మంచం, ఏ మనిషి అన్నది గుర్తుచేసుకునేది. కొన్నిసార్లు నవ్వేది కూడా. అలా మెలకువలో మాట్లాడటం అలవాటైంది ఆమెకు. రెండేళ్ళుగా ఏముంది డ్యూటీ అన్న మనిషి, అన్నం తింటూ తింటూ వాళ్ళ గురించి చెప్పేది.

అర్థాల కోసం ప్రభుకిరణ్ అల్ కుసైస్ అంతా తిరిగాడు. కెఫెటేరియాల్లో, లాండ్రీల్లో, బస్టాపుల్లో మనుషుల్ని ఆపి, "భాయ్, యే కౌన్‌సీ జబాన్ హై?" అని ఏ భాషో అడిగి, ఆ ముక్క అప్పజెప్పేవాడు. కొందరు పిచ్చివాడనుకుని తప్పుకునేవారు. ఒక బంగ్లాదేశ్ టైలరు మాత్రం సూది పక్కన పెట్టి విని, ఈ రోజు వంట వంతు ఎవరిది అని అడుగుతున్నాడు అని చెప్పాడు. ఒక పఠాన్ డ్రైవరు, ఇది మా పక్క లోయ వాళ్ళ యాస అని, గుర్రానికి దాణా పెట్టారా అంటున్నాడని చెప్పి, కళ్ళు తుడుచుకుని బండెక్కాడు. ఎవరి నోటా పెద్ద మాటలు లేవు. ఆఖరి గడియలో మనుషులు ఇంటిపనుల గురించే అడిగారు. ప్రభుకిరణ్ ప్రతిదానికీ జవాబు నేర్చుకుని వచ్చేవాడు. వంట వంతు నాదే అని, గుర్రం తినేసిందని చీకట్లో చెప్పేవాడు.

ఏడాది తిరిగాక కృపారాణి పసిపిల్లలకు టీకాలు వేసే విభాగానికి మారింది. పగటి డ్యూటీ. నల్ల కర్టెను తీసేశారు. రాత్రిళ్ళు ఆమె మామూలుగా నిద్రపోయేది. లీదియా, తబితా ఇప్పుడు పెద్ద తరగతి పుస్తకాలు చదువుతున్నారు. ప్రభుకిరణ్ దగ్గర ఇంకో ముగ్గురు పిల్లలు ఒకటో తరగతిలో చేరారు. వాళ్ళకు అతను గొంతెత్తే పాఠం చెబుతాడు. అర్థం తర్వాత వస్తుంది అని మాత్రం ఇప్పుడు ఎవరికీ చెప్పడు. ఒక ముక్క వల్లెవేయిస్తే దాని అర్థం అప్పుడే చెప్పేస్తాడు. పుస్తకంలో అలా లేదని ఒక తల్లి అడిగితే, "నాకలా అలవాటైందమ్మా" అన్నాడు.

ఒక్క మాట మాత్రం మిగిలిపోయింది. ఆమె డ్యూటీ మారడానికి ముందు ఆఖరి మధ్యాహ్నం విన్నాడు దాన్ని. ఆడగొంతు, చాలా దగ్గరగా, ఎవరినో పేరుపెట్టి పిలిచి ఏదో అడిగినట్టు. చిన్న ముక్క. అతను ఇథియోపియా వాళ్ళను అడిగాడు, ఫిలిప్పీన్స్ వాళ్ళను అడిగాడు, ఎడారి పల్లెలనుంచి వచ్చిన ముసలి అరబ్బులను కూడా అడిగాడు. ఎవరూ మా భాష అనలేదు.

కృపారాణికి చెప్పినప్పుడు ఆమె రెండుసార్లు అనిపించుకుని విన్నది. తల అడ్డంగా ఊపింది.

"ఇది నేను ఎవరి నోటా వినలేదండి" అంది. "ఆ వార్డులో నా చేతిమీద ఆడమనిషెవరూ పోలేదు."

ప్రభుకిరణ్ ఇంకా అడుగుతూనే ఉన్నాడు. లిఫ్టులో కొత్త మొహం కనిపిస్తే పలకరించి, ఏ దేశమో కనుక్కుని, తర్వాత గొంతు తగ్గించి ఆ ముక్క చెబుతాడు. జవాబేమిటో తెలియని ప్రశ్న అది, అడిగిందెవరో కూడా తెలియదు. అయినా జవాబు తెలుసుకుని ఉంచుకోవడం మంచిదని అతను అనుకుంటాడు.